ఏ సినిమా బలం ఎక్కడ: 2024, 2025 తెలుగు సినిమాల్లో ఏది హాలుకి, ఏది ఇంటికి

శుక్రవారం మధ్యాహ్నానికల్లా రెండుంపావు, రెండున్నర, మూడు అని రేటింగులు దిగిపోతాయి. కావలిలోనో కందుకూరులోనో నలుగురున్న ఇల్లు ఫస్ట్ షోకి బయల్దేరాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ పావు మార్కు ఎందుకూ పనికిరాదు. మూడేసి మార్కులు పడిన రెండు సినిమాల్లో ఒకటి పెద్ద హాల్లో తప్ప నిలబడదు, ఇంకొకటి ముప్పై రెండంగుళాల టీవీలో చూసినా చెక్కుచెదరదు.

అందుకని ఇక్కడ ప్రతి సినిమానీ ఒకటే అడిగాం: నీ బలం దేనిమీద ఉంది? శబ్దం మీదా, తెర నిండే దృశ్యం మీదా, మాటల మీదా, నటుల మొహాల మీదా? మొదటి రెండైతే హాలు. తర్వాతి రెండైతే ఇల్లు చాలు, కొన్నిసార్లు ఇల్లే మేలు. ఈ సినిమాలన్నీ థియేటర్ల రౌండు పూర్తి చేసుకున్నవే కాబట్టి ఈ లెక్క రెండు పనులకి వస్తుంది. ఈ శని, ఆదివారాల్లో టీవీలో ఏది పెట్టుకోవాలన్నది ఒకటి. రేపు వీటి రెండో భాగాలు వచ్చినప్పుడు ఎలాంటి హాల్లో టికెట్ తీసుకోవాలన్నది రెండోది. కథల్లోని మలుపులు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదు.

సముద్రం: ‘దేవర’, ‘తండేల్’

కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె, మైపాడు దాకా తీరమంతా వేటకి పోయే ఊళ్లే. ఇక్కడి ప్రేక్షకుడికి తెర మీద సముద్రం చూపిస్తే గాలి ఎటు కొడతా ఉందో, వల ఎలా పట్టుకున్నారో ముందు చూస్తాడు. ఆ కంటితో చూస్తే ఈ రెండు సినిమాలూ పూర్తిగా వేరు.

‘దేవర’ (2024 సెప్టెంబరు 27)లో సముద్రం ఒక వేదిక. ఓడల మీద పడి సరుకు దించుకొచ్చే మనుషులు, వాళ్లని ఆపడానికి నిలబడిన ఒక్కడు, ఆ ఒక్కడి మీద పుట్టిన భయం. కొరటాల శివ ఈ భయాన్ని మొదటి సగంలో చాలా ఓపిగ్గా కట్టాడు. రాత్రి ఓడ మీద దోపిడీ జరిగే ఘట్టం సినిమాకి ప్రాణం. రత్నవేలు కెమెరా చీకటి నీళ్లనీ ఓడ దీపాలనీ విడదీసి చూపిస్తుంది, అనిరుధ్ నేపథ్య సంగీతంలో అడుగు స్థాయి డ్రమ్ములు ఛాతీకి తగులుతాయి. సమస్య కూడా అక్కడే ఉంది. టీవీకి ఉండే చిన్న స్పీకర్లు అంత లోతు శబ్దాన్ని పలకలేవు. అందువల్ల హాల్లో ఉలిక్కిపడిన చోట ఇంట్లో మామూలుగా కూర్చుంటాం. రెండో సగం దేవర కొడుకు వర చుట్టూ తిరిగి నెమ్మదిస్తుంది, జాన్వీ కపూర్ పాత్రకి రాత సరిపోలేదు, సముద్రపు షాట్లు కొన్నింట్లో గ్రాఫిక్స్ తేలిపోతాయి. కథ కూడా సగంలోనే ఆగుతుంది. సాయంత్రం కూర్చుని తీరిగ్గా ముగిసే కథ కావాలనుకునేవాళ్లు దీన్ని పెట్టుకుంటే కోపం వస్తుంది.

‘తండేల్’ (2025 ఫిబ్రవరి 7)లో సముద్రం కూలిపని. శ్రీకాకుళం నుంచి గుజరాత్ పోయి బోట్లెక్కే మత్స్యకారులు 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కిన నిజ సంఘటన దీనికి ఆధారం. చందూ మొండేటి సినిమాని నిలబెట్టింది మాత్రం ఒడ్డున ఎదురుచూసే ఆడమనిషి మీద. సాయి పల్లవి మొహంలో ఒక్కో ఫోన్ కాల్‌కి ఒక్కో రంగు మారుతుంది. మాట ఆగిపోయిన చోట ఆమె ఊపిరి పట్టుకునే తీరు చూడటానికి వంద అడుగుల తెర అక్కర్లేదు. దేవిశ్రీ ప్రసాద్ పాటలు కథతోనే నడుస్తాయి. జైలు ఘట్టాలు బలహీనం: మనుషులు మాట్లాడాల్సిన చోట నినాదాలు మాట్లాడతాయి, అక్కడి అధికారులంతా ఒకే మూసలో ఉంటారు. తుపాను సన్నివేశం ఒక్కటి హాలు కోరుతుంది. మిగతాదంతా ఇంట్లో, అమ్మానాన్నలతో కూర్చుని చూడదగ్గది.

రెండింటిలో ఒకటే అంటే ‘తండేల్’. ‘దేవర’ రెండో భాగం వస్తే, దానికి ముందు ఎవరైనా హాల్లో మొదటి భాగం మళ్లీ వేస్తే మాత్రం దాన్ని వదలొద్దు.

మాస్: ‘పుష్ప 2’, ‘ఓజీ’, ‘డాకు మహారాజ్’

ఇక్కడే రేటింగులు అందరికంటే ఎక్కువ దారి తప్పిస్తాయి. మాస్ సినిమాని కథ బిగువుతో కొలిస్తే అన్నీ ఒకటే లెక్కకి వస్తాయి. కొలవాల్సింది వేరే. ఎలివేషన్, అంటే హీరోని ఆకాశానికెత్తే ఘట్టం, ఎక్కడి నుంచి పుట్టింది? పాత్ర అవసరం నుంచి పుట్టిందా, హీరో పేరు నుంచి పుట్టిందా? మొదటిది ఎన్నిసార్లు చూసినా పనిచేస్తుంది. రెండోది మొదటి రోజు ఈలల్లో బాగుంటుంది, నెల తర్వాత సోఫాలో కూర్చుని చూస్తే చల్లారిపోతుంది.

‘పుష్ప 2: ది రూల్’ (2024 డిసెంబరు 5) ఈ పరీక్షలో సగం గొప్పగా నెగ్గింది, సగం ఓడింది. నెగ్గిన సగానికి ముఖ్యమంత్రితో ఫొటో సన్నివేశం చూడండి. పెళ్లాం అడిగింది ఒక్క ఫొటో. అది కుదరదన్న చిన్న అవమానం నుంచి సినిమా మొత్తానికి సరిపడా పట్టుదల పుడుతుంది. సుకుమార్ రాతలో ఉన్న సత్తా అదే: పెద్ద పనికి చాలా చిన్న, ఇంటి లోపలి కారణం. గంగమ్మ జాతర ఘట్టమూ అలాంటిదే. చీర, ఒంటి నిండా నీలం రంగు, మెడలో నిమ్మకాయల దండ వేసుకున్న అల్లు అర్జున్ మొదట ఆడతాడు, తర్వాత అమ్మవారిని వేడుకుంటాడు, ఆ తర్వాతే కొడతాడు. ఆ వరస మార్చి ముందే ఫైట్ పెట్టుంటే అది మామూలు జాతర ఫైట్ అయిపోయేది. వేడుకోలు మధ్యలో ఉండబట్టే ఆ దెబ్బలకి బరువొచ్చింది. తిరుపతి గంగమ్మ జాతర వేషాలు ఎరిగిన గూడూరు, వెంకటగిరి వైపు వాళ్లకి ఈ ఘట్టం ఇంకో మెట్టు పైన ఉంటుంది. చిత్తూరు యాస కూడా వాళ్ల చెవికి దగ్గర. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకి కొన్ని మాటలు రెండోసారి వింటేగానీ అందవు.

ఇక ఓడిన సగం. మొదట్లో జపాన్ ఓడరేవు ఫైట్‌కి తర్వాతి కథతో ముడి లేదు. పోలీసు అధికారి షెకావత్‌గా ఫహాద్ ఫాజిల్ మొదట పాములా ఉండి, సగం దాటాక ఆటబొమ్మ అయిపోతాడు. జాతర తర్వాత సినిమా ఇంకా చాలాసేపు నడుస్తుంది, అంత ఎత్తుకి మళ్లీ ఎక్కలేదు. నిడివి 3 గంటల 20 నిమిషాలు. 2025 జనవరి 17న ఇంకో 20 నిమిషాలు కలిపి మళ్లీ వదిలారు, నెట్‌ఫ్లిక్స్‌లో దొరికేది కూడా ఆ నిడివి పెరిగిన కూర్పే. ఇంట్లో చూసేవాళ్లు ఇంటర్వెల్ దగ్గర ఆపి, మిగతాది మర్నాడు చూడటం మంచిది. అలసిన కళ్లతో జాతర దగ్గరికి చేరితే ఆ ఘట్టానికి అన్యాయం జరుగుతుంది.

‘ఓజీ’ (2025 సెప్టెంబరు 25) రెండో రకం. ఎలివేషన్ దాదాపు అంతా పవన్ కళ్యాణ్ రాకలోనే ఉంది. సుజీత్‌కి ఫ్రేము కట్టడం తెలుసు. ఎరుపు, నలుపు, వాన, కత్తి అంచు మీద వెలుగు అన్నీ లెక్కగా పెట్టాడు. తమన్ సంగీతం ఆ ఫ్రేముల్ని భుజాన మోసింది. కథ మాత్రం బొంబాయి గ్యాంగ్‌స్టర్ల పాత దారిలోనే పోతుంది, ఇమ్రాన్ హష్మీ లాంటి నటుడికి చెయ్యడానికి తగినంత పని లేదు. రెండో సగంలో పోలీస్ స్టేషన్ ఘట్టం దాటాక ఊపు తగ్గుతుంది. హాల్లో, నిండు జనంలో చూసినవాళ్లకి ఇది మూడున్నర మార్కుల సినిమా. ఒంటరిగా టీవీలో చూస్తే రెండున్నరకి దిగుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ‘ఏ’ సర్టిఫికెట్ కాబట్టి పిల్లల్ని తీసుకుపోయే ఆలోచనే వద్దు. 2025 మే 1న వచ్చిన నాని ‘హిట్ 3’ కూడా ‘ఏ’నే, అందులో రక్తం ఇంకా ఎక్కువ.

‘డాకు మహారాజ్’ (2025 జనవరి 12) గురించి తక్కువ మాట్లాడుకున్నారు, కానీ బాలకృష్ణ ఇటీవలి సినిమాల్లో కంటికి ఇంత ఇంపుగా ఉన్నది ఇంకోటి లేదు. కెమెరామన్ విజయ్ కార్తీక్ కన్నన్ చంబల్ దుమ్మునీ, ఎండనీ వాడుకున్న పద్ధతి వేరు. హీరోని నీడగా నిలబెట్టి, వెనక నుంచి వెలుగిచ్చి, మొహం ఆలస్యంగా చూపిస్తాడు. దర్శకుడు బాబీ బాలకృష్ణ చేత అరిపించకుండా తగ్గించి మాట్లాడించిన చోట్లే బాగా పండాయి. విలన్లు మామూలే, చిన్నపిల్ల చుట్టూ అల్లిన భాగం మనకి తెలిసిందే. దాదాపు రెండున్నర గంటల్లో ముగుస్తుంది. ఇంట్లో పెద్దాళ్లూ కుర్రాళ్లూ కలిసి ఒక మాస్ సినిమా చూడాలంటే ఈ మూడింటిలో ఇదే తీసుకోండి. ఒక్క ఘట్టం జీవితాంతం గుర్తుండాలంటే ‘పుష్ప 2’. ‘ఓజీ’ అభిమానులకి వేరే చెప్పక్కర్లేదు, మిగతావాళ్లు రీ-రిలీజ్ దాకా ఆగొచ్చు.

పురాణం, గ్రాఫిక్స్: ‘కల్కి 2898 ఏడీ’, ‘హనుమాన్’, ‘మిరాయ్’

‘కల్కి’ (2024 జూన్ 27) మూడు గంటల సినిమా. మొదటి గంటలో నాగ్ అశ్విన్ కాశీ, కాంప్లెక్స్, శంబాల అనే మూడు లోకాల్ని పరిచయం చెయ్యడానికే సరిపెట్టాడు. భైరవగా ప్రభాస్ హాస్యం అతకలేదు, అతిథి పాత్రలు అడ్డం పడతాయి. అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడ్డ దగ్గర్నుంచి సినిమా వేరే. ఎత్తు, నడక, గొంతు మూడూ కలిసి యుగాల నాటి అలసటని తెలియజేస్తాయి. ఎనభై దాటిన నటుడి చేత అలాంటి పోరాట ఘట్టాలు చేయించి నమ్మించడం మామూలు విషయం కాదు. కురుక్షేత్రం ముక్కలు, ఆఖరి ఇరవై నిమిషాలు తెర ఎంత పెద్దదైతే అంత బాగుంటాయి. టీవీలో చూసేవాళ్లు మొదటి గంటలో విసుగుపడి ఆపెయ్యొద్దు. తెలుగులో ప్రైమ్ వీడియోలో ఉంది, నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది హిందీ.

‘హనుమాన్’ (2024 జనవరి 12)కి ఇంత డబ్బు లేదు. ఆ సంగతి ప్రశాంత్ వర్మకి తెలుసు, అందుకే గ్రాఫిక్స్‌ని అంజనాద్రి అనే ఊరి చుట్టూ, కొండ చుట్టూ మాత్రమే పెట్టుకున్నాడు. ఉన్నదాంట్లో దేన్ని చూపించాలో, దేన్ని దాచాలో తెలిసిన సినిమా ఇది. యానిమేషన్, గ్రాఫిక్స్ విభాగంలో జాతీయ అవార్డు ఊరికే రాలేదు. అక్కగా వరలక్ష్మి శరత్‌కుమార్ పాత్ర కథకి వెన్నెముక. విలన్ మాత్రం కార్టూన్ విలనే. అయిదు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇంటికి ముందుగా చెప్పేది ఇదే.

‘మిరాయ్’ (2025 సెప్టెంబరు 12) తీసిన కార్తీక్ ఘట్టమనేని మొదట కెమెరామన్. అది ప్రతి ఫ్రేములో కనిపిస్తుంది, రాతలో మాత్రం లోటుగా తేలుతుంది. అశోకుడి తొమ్మిది గ్రంథాల కథలో వివరణలు ఎక్కువ, ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో చెప్తానే ఉంటారు. మంచు మనోజ్ విలన్‌గా నిలబడ్డాడు, పక్షితో పోరాడే ఘట్టం బాగా కుదిరింది. ‘హనుమాన్’ చూసి నచ్చిన పిల్లలకి తర్వాత మెట్టుగా సరిపోతుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

మాటలూ మొహాలూ: ‘కోర్ట్’, ‘35’, ‘ది గర్ల్‌ఫ్రెండ్’

1980ల్లో ‘నేటి భారతం’, ‘ప్రతిఘటన’ తీసిన టి. కృష్ణ ప్రకాశం జిల్లా మనిషి. కోపం వస్తే పాత్ర నిలబడి జనానికి నేరుగా చెప్పెయ్యడం ఆ సినిమాల పద్ధతి, ఆ రోజులకి అది సరిపోయింది. ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఏ నోబడీ’ (2025 మార్చి 14) అదే కోపాన్ని అడ్డు ప్రశ్నల్లోకి మార్చింది. పరువు కోసం పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టాన్ని ఆయుధంగా వాడితే ఒక పేదింటి కుర్రాడి బతుకు ఎలా నలుగుతుందో రామ్ జగదీశ్ చెప్పాడు. గమనించాల్సింది మంగపతిగా శివాజీ. ఇంట్లో ఆడపిల్ల బట్టల గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పెంచడు. అన్నం దగ్గర కూర్చున్న మనిషి మాట్లాడినట్టే మాట్లాడతాడు, వినేవాళ్లంతా తల దించుకుంటారు. అలాంటి పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు కాబట్టే ఆ పాత్ర అంత భయపెడుతుంది. లాయరు పాత్రలో ప్రియదర్శి మొదట తడబడి, సాక్షుల్ని ఒక్కొక్కరినీ విప్పుకుంటూ పోతాడు. కొన్ని చోట్ల సంగీతం కన్నీళ్లు ముందే అడుగుతుంది, అదొక్కటే లోపం. పదో తరగతి దాటిన పిల్లలతో కలిసి చూడండి. చూశాక పోక్సో అంటే ఏంటి, పద్దెనిమిదేళ్ల లెక్క ఎందుకు అనే ప్రశ్నలు వస్తాయి, టీవీ కట్టేసి పడుకోకుండా కూర్చుని జవాబు చెప్పండి. హాలు అవసరమే లేదు.

‘35 చిన్న కథ కాదు’ (2024 సెప్టెంబరు 6) తిరుపతిలో నడుస్తుంది. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని అడిగే పిల్లవాడు, మార్కులతోనే పిల్లల్ని పిలిచే లెక్కల మాస్టారు, కొడుకు కోసం మళ్లీ పుస్తకం పట్టిన పది తప్పిన తల్లి. నంద కిషోర్ ఈమాని ఎవరినీ విలన్ చెయ్యలేదు, మాస్టారిని కూడా. నివేదా థామస్ నటన చూస్తే వంటింట్లో నిలబడి లెక్క చేసే తల్లి నిజంగా మన వీధిలో మనిషే. నడక నెమ్మది, మధ్యలో అరగంట అక్కడక్కడే తిరుగుతుంది. అయినా నెల్లూరు, ఒంగోలు లాంటి కార్పొరేట్ కాలేజీల ఊళ్లలో పిల్లల్ని ర్యాంకుల్లో పెట్టి చూసే ప్రతి ఇంటికీ ఈ సినిమా కావాలి. ఈ మొత్తం జాబితాలో ఒక్కటే చూడండి అని ఎవరైనా పట్టుబడితే మా జవాబు ఇదే.

‘ది గర్ల్‌ఫ్రెండ్’ (2025 నవంబరు 7) హాస్టల్లో ఉండే పిల్లలకి. ప్రేమ పేరుతో ఊపిరాడనివ్వని మనిషిని ఎలా గుర్తుపట్టాలో రాహుల్ రవీంద్రన్ పాఠం చెప్పకుండా చూపించాడు. రష్మిక అతి తక్కువ మాటలతో చేసిన పని. తల్లిదండ్రులు, పిల్లలు విడివిడిగా చూసుకుని తర్వాత మాట్లాడుకుంటే మేలు.

‘కమిటీ కుర్రోళ్ళు’ (2024 ఆగస్టు 9)లో కొత్త కుర్రాళ్ల గుంపు, జాతర, రిజర్వేషన్ గొడవ ఉన్నాయి. మొదటి సగంలో స్నేహం నిజం, రెండో సగంలో ఉపన్యాసం ఎక్కువ. గోదావరి జిల్లా ఊరే అయినా తిరునాళ్ల చందాల దగ్గర గొడవపడే కమిటీలు మనకీ తెలుసు.

డబ్బు: ‘లక్కీ భాస్కర్’, ‘కుబేర’

ఈ జోడీ తేల్చడం తేలిక. ‘లక్కీ భాస్కర్’ (2024 అక్టోబరు 31) రెండున్నర గంటల్లో ఎక్కడా ఆగదు. బొంబాయి బ్యాంకు క్యాషియర్ అప్పుల్లోంచి అవినీతిలోకి జారే దారిని వెంకీ అట్లూరి మెట్లు మెట్లుగా చూపించాడు. ప్రతి మెట్టు దగ్గరా మనం కూడా “ఇంకొక్కసారికి పర్లేదు” అనుకుంటాం, అదే దాని బలం. షేర్ మార్కెట్ తెలియని వాళ్లకి రెండో సగంలో రెండు మూడు చోట్ల చిక్కు పడుతుంది. బ్యాంకులు బాండ్లు అమ్ముకునేటప్పుడు ఒకదానికొకటి ఇచ్చే రసీదు అడ్డం పెట్టి, అప్పటికప్పుడు బ్యాంకు సొమ్ము షేర్లలోకి మళ్లించారన్న ఒక్క విషయం ముందే తెలుసుకుంటే చాలు. ‘కుబేర’ (2025 జూన్ 20)కి ఆలోచన ఇంకా పెద్దది: బిచ్చగాళ్ల పేర్ల మీద బినామీ ఖాతాలు. ధనుష్ ఒంటినీ చూపునీ మార్చేసుకున్నాడు, నాగార్జున చాలా ఏళ్ల తర్వాత తప్పు చేసిన మనిషిగా మెత్తగా చేశాడు. మూడు గంటల నిడివి దాన్ని దెబ్బతీసింది. పరుగులు, దాక్కోవడాలు ఒకే తీరుగా తిరిగొస్తాయి. తీరిక ఉంటే ‘కుబేర’ లోతైనది. పని దినం రాత్రయితే ‘లక్కీ భాస్కర్’.

నవ్వులు

‘సంక్రాంతికి వస్తున్నాం’ (2025 జనవరి 14) పండక్కి చుట్టాలంతా చేరిన ఇంటికి. వెంకటేశ్, ఐశ్వర్య రాజేశ్ మధ్య మొగుడు పెళ్లాల గొడవ వరకు బ్రహ్మాండం, కిడ్నాప్ కథ వచ్చినప్పుడల్లా నీరసం. బుల్లిరాజు అనే పిల్లాడి బూతులు చిన్నపిల్లలు వెంటనే పట్టుకుంటారు, చూసుకోండి. ‘లిటిల్ హార్ట్స్’ (2025 సెప్టెంబరు 5) ఎంసెట్ తప్పిన కుర్రాళ్లకి, వాళ్ల నాన్నలకి. ‘మత్తు వదలరా 2’ హాస్యనటుడు సత్య కోసం. కథ అడక్కూడదు.

హాలు ఎంచుకోవడం

2022 మార్చి జీవో ప్రకారం నెల్లూరు, ఒంగోలు లాంటి కార్పొరేషన్లలో ఏసీ సింగిల్ స్క్రీన్ పై తరగతి 100 రూపాయలు, మల్టీప్లెక్స్ 150, వెనక్కి వాలే రిక్లైనర్ సీటు 250. వీటి మీద జీఎస్టీ అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల దాకా ఉన్న టికెట్‌కి 5 శాతం, ఆ పైన 18 శాతం. అంటే సింగిల్ స్క్రీన్ 105, మల్టీప్లెక్స్ 177, రిక్లైనర్ 295. నలుగురికి 420 ఒకచోట, 708 ఇంకోచోట. కావలి, మార్కాపురం లాంటి మున్సిపాలిటీల్లో ఏసీ పై తరగతి 80, పన్నుతో 84. పెద్ద సినిమాలకి మొదటి పది రోజులో, రెండు వారాలో పెంపు జీవోలు వస్తాయి. ‘పుష్ప 2’ ముందురోజు రాత్రి షోకి పన్ను కాక 800, ‘ఓజీ’ ప్రత్యేక షోకి 1,000 దాకా ఇచ్చారు. అభిమానం వేరు, సినిమా కోసమే అయితే పెంపు గడువు అయిపోయే దాకా ఆగడమే లాభం. అప్పటికి జనం పల్చబడి కావలసిన సీటూ దొరుకుతుంది.

సీటు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత సింగిల్ స్క్రీన్లలో బాల్కనీ కింద ఉండే వెనక వరసలు చవగ్గా, చల్లగా ఉంటాయని ఎక్కువమంది అక్కడే కూర్చుంటారు. అక్కడ కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, పక్క స్పీకర్ల శబ్దం సరిగా చేరదు, డ్రమ్ములు మాత్రం మూలల్లో పేరుకుని దడదడమంటాయి. మాటలు అందలేదని సినిమాని తిడతారు. బాల్కనీ మొదటి రెండు వరసల మధ్య సీట్లు, లేదా బాల్కనీ లేని హాల్లో తెర నుంచి మూడింట రెండొంతుల వెనక మధ్య సీట్లు తీసుకోండి. కప్పుకి కూడా స్పీకర్లుండే అట్మాస్ హాలైతే ఈ మధ్య సీటు మరీ ముఖ్యం.

మాటలు వినపడకపోవడానికి ఇంకో కారణం ఆపరేటర్ గదిలో ఉంటుంది. శబ్దాన్ని స్టూడియోలో ఏ మట్టంలో కలిపారో హాల్లో శబ్దం పెంచి తగ్గించే ప్రాసెసర్ ఫేడర్‌ని 7 దగ్గర పెడితే ఆ మట్టం వస్తుంది. పాటలు హోరుగా ఉన్నాయని ఎవరో అంటే దాన్ని 5కో ఇంకా కిందకో దించుతారు. పాటలు తగ్గుతాయి, వాటితో పాటు గుసగుసలు కూడా మాయమవుతాయి. ‘తండేల్’, ‘కోర్ట్’ లాంటివి అలాంటి హాల్లో నష్టపోతాయి, ‘ఓజీ’కి పెద్ద తేడా రాదు. ఇంటర్వెల్‌లో మేనేజర్‌ని మర్యాదగా అడిగితే కొంచెం పెంచుతారు.

త్రీడీ కళ్లద్దాలు వెలుగులో సగానికి పైగా మింగేస్తాయి. ‘కల్కి’ అసలే మట్టి రంగు, చీకటి రంగు సినిమా. ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడిన హాల్లో దాన్ని త్రీడీలో చూస్తే మొహాలు కనపడవు. టూడీయే తీసుకోండి, లేదా కొత్త లేజర్ ప్రొజెక్టర్ ఉన్న చోటికి పోండి.

పెద్ద తెర మాట వచ్చింది కాబట్టి సూళ్లూరుపేట. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా నెల్లూరోళ్లకి దగ్గరే, జాతీయ రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్లు. 2019లో మొదలైన వి ఎపిక్ థియేటర్‌లో తెర వెడల్పు సుమారు వంద అడుగులు, అట్మాస్ శబ్దం. పోనూ రానూ కారుకి పది లీటర్ల పెట్రోలు, టోళ్లు, రోజంతా పోతుంది. చెన్నై వైపు పోయే రైళ్లు కొన్ని అక్కడ ఆగుతాయి, రాత్రి తిరుగు రైలు చూసుకునే షో ఎంచుకోవాలి. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.89 ఉన్న తెర అది. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే ఇంకా వెడల్పైన 2.39లో తీస్తారు కాబట్టి పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఆ ప్రయాణానికి తగిన సినిమాలు ఈ జాబితాలో రెండే: ‘కల్కి’, ‘పుష్ప 2’. ‘దేవర’ రెండో భాగానికి మన ఊరి మంచి అట్మాస్ హాలు చాలు, ‘కల్కి’ రెండో భాగం వస్తే మాత్రం బండి తియ్యండి.

టీవీలో చూస్తే

పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కో ‘ఫిల్మ్‌మేకర్’కో మార్చండి. ‘ఓజీ’, ‘కల్కి’ చీకటి ఫ్రేముల్లో వివరాలు అప్పుడే కనపడతాయి. కదలికని నునుపు చేసే మోషన్ సెట్టింగ్ ఆపెయ్యండి, అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండ్ బార్ లేకపోతే ఆడియోలో 5.1 (చుట్టూ స్పీకర్లుంటేనే పనికొచ్చేది) వదిలి స్టీరియో పెట్టుకుంటే మాటలు పైకి తేలతాయి. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీకి గంటకి 3 జీబీ దాకా, 4కేకి 7 జీబీ దాకా అవుతుంది. అంటే ‘పుష్ప 2’ ఒక్కటే పది జీబీ దాటుతుంది. రోజుకి రెండు జీబీల మొబైల్ ప్యాకుతో హాట్‌స్పాట్ పెట్టి చూస్తే జాతరకి ముందే బొమ్మ మసకబడుతుంది. ఫైబర్ లేని ఇంట్లో ‘35’, ‘కోర్ట్’ లాంటివి తక్కువ క్వాలిటీలో చూసినా నష్టం లేదు. మాస్ సినిమాలకి వైఫై ఉన్న చుట్టాలింటికి పోవడమే దారి.